జావా ప్రాజెక్టులో నల్ తనిఖీ: చెకర్ ఫ్రేమ్‌వర్క్ ప్లగిన్‌ను సరిగ్గా అమర్చుకోవడం ఎలా?

అమీర్‌పేటలో జావా నేర్చుకుని మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగంలో చేరినవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ప్లగిన్ పెట్టాం, బిల్డ్ పచ్చగా వచ్చింది. అయినా ప్రొడక్షన్‌లో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చింది. ఎందుకు?’

వాళ్లు పెట్టిన ప్లగిన్ చెకర్ ఫ్రేమ్‌వర్క్‌ది: నల్ (ఏ వస్తువునూ చూపని ఖాళీ విలువ) వల్ల వచ్చే తప్పులను కంపైల్ సమయంలోనే పట్టుకునే ఉపకరణం. చాలాసార్లు తేలేది ఒక్కటే. ఆ బిల్డ్‌లో తనిఖీ అసలు జరగనే లేదు. చెకర్ నడవకపోయినా బిల్డ్ పచ్చగానే వస్తుంది, తప్పులు లేకపోయినా పచ్చగానే వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో అమర్చడానికి ఎంత చోటు ఇచ్చానో, అది నిజంగా నడుస్తోందని రుజువు చేసుకోవడానికీ అంతే ఇచ్చాను.

ఒక్క మాట: ఆప్షన్లు, క్లాసుల పేర్లు అన్నీ పలికినట్టు తెలుగు లిపిలో రాశాను. మీ ఫైళ్లలో మాత్రం వాటి అసలు ఇంగ్లిషు స్పెల్లింగే ఉండాలి. చెకర్ సొంత ఆప్షన్లు గీత, దాని పక్కన పెద్ద ‘ఏ’ అక్షరంతో మొదలవుతాయి. మధ్యలో ఖాళీ ఉండదు.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ప్లగిన్ జోలికి వెళ్లకముందు అరగంట ఇక్కడ పెట్టండి. దీన్ని దాటేసినవారే తర్వాత రెండు రోజులు పోగొట్టుకుంటారు.

☐ ప్లగిన్ లేకుండా ప్రాజెక్టు శుభ్రంగా బిల్డ్ అవుతోందా? ‘క్లీన్’ చేసి మొదటి నుంచి బిల్డ్ చేసి చూడండి. పాత దోషాల మీద కొత్తవి పడితే ఏది ఎక్కడిదో తెలియదు.

☐ మీ కంప్యూటర్లోనూ సీఐ సర్వర్‌లోనూ (బృందం కోడ్‌ను దానంతటదే బిల్డ్ చేసే సర్వర్) ఉన్న జేడీకే (కంపైలర్‌తో కూడిన జావా కిట్) ఒకటేనా? ‘జావా హోమ్’ ఒకటి చూపిస్తుంటే టెర్మినల్ మరొకటి వాడుతుండటం మామూలే. రెండు చోట్లా ‘జావాసీ -వెర్షన్’ కొట్టి చూడండి (జావాసీ అంటే జేడీకేలోని కంపైలర్).

☐ ఇప్పటికే ఏయే యానొటేషన్ ప్రాసెసర్లు (కోడ్‌లోని @ గుర్తులను చూసి కంపైల్ సమయంలో కోడ్ తయారుచేసే లేదా తనిఖీ చేసే ఉపకరణాలు) నడుస్తున్నాయి? లాంబాక్, మ్యాప్‌స్ట్రక్ట్, డాగర్ వంటివి ఉంటే కాగితం మీద రాసుకోండి. మూడో అంచెలో ఈ చీటీ అవసరమవుతుంది.

☐ కోడ్‌లో ‘నల్లబుల్’ (నల్ కావచ్చు అని చెప్పే యానొటేషన్) అనే పేరు ఎన్ని ప్యాకేజీల నుంచి ఇంపోర్ట్ అవుతోంది? నేను చూసిన ఒక ప్రాజెక్టులో నాలుగు రకాలు ఉన్నాయి. ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని మార్చేయండి.

ఏది ఎంచుకోవాలి? చెకర్ ఫ్రేమ్‌వర్క్ సొంత ‘క్వాల్’ ప్యాకేజీలోది గాని, నల్ యానొటేషన్లకు ఉమ్మడి ప్రమాణమైన జేస్పెసిఫైలోది గాని తీసుకోండి. పాత ‘జావాఎక్స్.యానొటేషన్’లోని నల్లబుల్‌ను చెకర్ గుర్తిస్తుంది కానీ, అది డిక్లరేషన్‌కు అంటుకునేదే తప్ప టైపుకు అంటుకునేది కాదు. జెనెరిక్ కోణపు గుర్తుల లోపల, అంటే ‘లిస్ట్<@నల్లబుల్ స్ట్రింగ్>’ వంటి చోట దాన్ని రాయలేరు. టైపు ఉన్న ప్రతిచోటా యానొటేషన్ రాసే వీలు 2014లో జావా 8తో వచ్చింది. ఈ తనిఖీ అంతా ఆ వీలు మీదే ఆధారపడి ఉంది.

2. గ్రేడిల్‌లో అమర్చడం

బిల్డ్ సాధనంగా గ్రేడిల్ వాడుతుంటే పని సగం తేలిక. జేడీకే లోపలి ప్యాకేజీలను తెరిచే తలనొప్పిని ప్లగినే చూసుకుంటుంది.

(అ) బిల్డ్ ఫైలులోని ‘ప్లగిన్స్’ బ్లాకులో ‘ఆర్గ్.చెకర్‌ఫ్రేమ్‌వర్క్’ ప్లగిన్‌ను, ప్రస్తుత వెర్షన్ సంఖ్యతో చేర్చండి.

(ఆ) చెకర్ వెర్షన్‌ను బిల్డ్ ఫైలులో మీరే స్పష్టంగా రాయండి. ‘చెకర్’, ‘చెకర్-క్వాల్’ (యానొటేషన్లు ఉండే జార్) రెండింటికీ ఒకే సంఖ్య ఉండాలి. మామూలు అప్లికేషన్‌కు చెకర్-క్వాల్ ‘కంపైల్‌ఓన్లీ’గా ఉంటే చాలు.

(ఇ) ‘చెకర్‌ఫ్రేమ్‌వర్క్’ బ్లాకు తెరిచి, ‘చెకర్స్’ జాబితాలో ఒకే ఒక్క పేరు పెట్టండి: ఆర్గ్.చెకర్‌ఫ్రేమ్‌వర్క్.చెకర్.నల్‌నెస్.నల్‌నెస్‌చెకర్.

(ఈ) అదే బ్లాకులో ‘ఎక్స్‌క్లూడ్‌టెస్ట్స్’ను ట్రూ చేయండి. టెస్టుల్లో కావాలనే నల్ పంపుతుంటాం. మొదటి రోజునే వాటితో కుస్తీ వద్దు.

ప్రాజెక్టులో చాలా మాడ్యూళ్లుంటే, పై స్థాయి ఫైలులో ఒక్కసారి రాసి ఊరుకుంటే పని జరగదు. ప్లగిన్ ప్రతి సబ్‌ప్రాజెక్టుకూ వర్తించాలి. పై ఫైలులో ఒక్కచోట రాసి, పదకొండు మాడ్యూళ్లకూ తనిఖీ జరుగుతోందని నెలల తరబడి నమ్మిన బృందంలో నేనూ ఉన్నాను. నడిచింది ఒక్క ఖాళీ మాడ్యూల్‌కే.

లాంబాక్ గ్రేడిల్ ప్లగిన్ కూడా ఉంటే, చెకర్ ప్లగిన్ ముందు లాంబాక్ కోడ్‌ను మామూలు జావాగా విప్పి, దాన్ని తనిఖీకి ఇస్తుంది. అందుకు ఎనిమిదో అంచెలో చెప్పిన లాంబాక్ సెట్టింగు ఒక్కటి పెడితే చాలు.

3. మావెన్‌లో అమర్చడం

మరో బిల్డ్ సాధనమైన మావెన్‌లో ఓపిక కావాలి. కంపైలర్ ప్లగిన్ కాన్ఫిగరేషన్‌లో ఇవన్నీ ఈ వరుసలోనే పెట్టండి.

(అ) డిపెండెన్సీల్లో చెకర్-క్వాల్ చేర్చండి.

(ఆ) ‘ఫోర్క్’ను ట్రూ చేయండి. ఇది లేకపోతే తర్వాత రాయబోయే జేవీఎం ఆప్షన్లను మావెన్ చడీచప్పుడు లేకుండా పక్కన పడేస్తుంది.

(ఇ) ‘యానొటేషన్‌ప్రాసెసర్‌పాత్స్’లో చెకర్ జార్‌ను చూపించండి.

(ఈ) ‘యానొటేషన్‌ప్రాసెసర్స్’లో నల్‌నెస్‌చెకర్ పూర్తి పేరు రాయండి.

(ఉ) ‘కంపైలర్‌ఆర్గ్స్’లో ‘-జే’తో మొదలయ్యే వరుసలు పెట్టండి. జేడీకే కంపైలర్ మాడ్యూల్‌లోని ఏపీఐ, కోడ్, ఫైల్, మెయిన్, మోడల్, ప్రాసెసింగ్, ట్రీ, యుటిల్ ప్యాకేజీలకు ‘యాడ్-ఎక్స్‌పోర్ట్స్’ కావాలి. ‘కాంప్’ ప్యాకేజీకి మాత్రం ‘యాడ్-ఓపెన్స్’ కావాలి. జేడీకే 16 నుంచి ఈ లోపలి తలుపులు గట్టిగా మూసుకున్నాయి. వరుస ఒక్కటి తగ్గినా ‘ఇల్లీగల్‌యాక్సెస్‌ఎర్రర్’ వస్తుంది. ఆ సందేశంలో ప్యాకేజీ పేరు కూడా ఉంటుంది కాబట్టి ఏ వరుస మరిచిపోయారో అక్కడే తెలిసిపోతుంది.

(ఊ) ‘షోవార్నింగ్స్’ను ట్రూ అని స్పష్టంగా రాసి పెట్టండి.

ఇప్పుడు ఆ చీటీ బయటికి తీయండి. (ఈ)లో ఒక ప్రాసెసర్ పేరు రాసిన క్షణం నుంచి కంపైలర్ మిగతా ప్రాసెసర్లను తనంతట తాను వెతకడం మానేస్తుంది. లాంబాక్ ఆగిపోతుంది, గెటర్లు దొరకడం లేదంటూ దోషాలు వరదలా వస్తాయి. చెకర్ పాడైందనుకుని చాలామంది ఇక్కడే విరమించుకుంటారు. చీటీలోని ప్రతి ప్రాసెసర్‌నూ పాత్‌లోనూ పేర్ల జాబితాలోనూ చేర్చితే వరద ఆగుతుంది.

జేడీకే 23కు మారినవారికి ఇంకో విషయం. ఆ వెర్షన్ నుంచి, చెప్పకపోతే కంపైలర్ ప్రాసెసర్లను నడపదు. పైన చెప్పినట్టు పాత్, పేరు రెండూ రాసినవారికి ఇబ్బంది లేదు. కంపైలర్ తనంతట తానే వెతుక్కుంటుందని నమ్మి పాత్ గాని పేరు గాని రాయనివారికి తనిఖీ చప్పుడు లేకుండా ఆగిపోయి ఉంటుంది.

4. తప్పు నాటి చూడటం

ఏ దారిలో వచ్చినా ఈ అంచె తప్పనిసరి. ప్రతి మాడ్యూల్‌లోనూ ఒక చిన్న క్లాసు పెట్టి, అందులో ఈ రెండు వరుసలు రాయండి:

ఆబ్జెక్ట్ వస్తువు = నల్;
వస్తువు.టుస్ట్రింగ్();

(జావాలో చరరాశికి తెలుగు పేరు నిజంగానే పెట్టవచ్చు, కంపైలర్‌కు అభ్యంతరం లేదు. కోడ్ సమీక్షలో మీ టీమ్ లీడ్‌కు ఉండవచ్చు.)

బిల్డ్ నడపండి. రెండో వరుస దగ్గర ‘డీరిఫరెన్స్.ఆఫ్.నల్లబుల్’ అనే దోషంతో బిల్డ్ ఆగాలి. ఆగితే ఆ క్లాసు తీసేసి ముందుకు వెళ్లండి. ఆగకపోతే:

☐ క్లీన్ చేశారా? మారని ఫైళ్లను గ్రేడిల్, మావెన్ మళ్లీ కంపైల్ చేయవు. కంపైల్ లేకపోతే తనిఖీ లేదు.

☐ నడిపింది ఎక్లిప్స్‌లోని బిల్డ్ బటన్ నుంచా? ఎక్లిప్స్‌కు సొంత కంపైలర్ ఉంది, చెకర్ నడిచేది జావాసీ మీద మాత్రమే. టెర్మినల్ నుంచి నడపండి. ఇంటెల్లిజేలో అయితే బిల్డ్ పనిని గ్రేడిల్‌కు అప్పగించే సెట్టింగు చూడండి.

☐ గ్రేడిల్‌లో ‘స్కిప్‌చెకర్‌ఫ్రేమ్‌వర్క్’ ప్రాపర్టీని ఎవరైనా ఎక్కడైనా వదిలేశారా? తొందరలో ఉన్నప్పుడు ‘-పీ’తో కమాండ్ వరుసలో ఇవ్వడానికి అది బాగుంటుంది. ప్రాపర్టీల ఫైలులోకి ఎక్కిందంటే మాత్రం అందరికీ తనిఖీ ఆగిపోతుంది.

ఇదే పరీక్షను సీఐ సర్వర్‌లోనూ ఒక విడి బ్రాంచి మీద చేయండి. మీ దగ్గర ఆగి అక్కడ ఆగకపోతే తేడా సాధారణంగా జేడీకేలోనో, బిల్డ్ క్యాష్‌లోనో ఉంటుంది.

5. ఒక్క ప్యాకేజీతో మొదలు

పాత ప్రాజెక్టు మొత్తానికి ఒకేసారి తనిఖీ పెట్టి, దోషాలు గుట్టలుగా వస్తే ‘-ఏవార్న్స్’ పెట్టి అన్నిటినీ హెచ్చరికలుగా మార్చేయడం అందరూ చేసే పని. నేను వద్దంటాను. వారం తిరక్కముందే ఆ హెచ్చరికలను ఎవరూ చదవరు. చిన్న చోట కఠినంగా మొదలుపెట్టి విస్తరించడమే మేలు.

‘-ఏఓన్లీడెఫ్స్’ ఆప్షన్‌కు ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇవ్వండి. దానికి సరిపోయే క్లాసుల్లోనే దోషాలు చూపిస్తుంది. గ్రేడిల్‌లో దీన్ని ‘ఎక్స్‌ట్రాజావాసీఆర్గ్స్’ జాబితాలో, మావెన్‌లో కంపైలర్‌ఆర్గ్స్‌లో పెట్టాలి. మూడు జాగ్రత్తలు:

☐ మొదట్లో ^ గుర్తు పెట్టండి. లేకపోతే పేరు మధ్యలో ఎక్కడ సరిపోయినా లెక్కలోకి వస్తుంది.

☐ ఇవ్వాల్సింది క్లాసు పూర్తి పేరు, ఫైలు దారి కాదు. ఏటవాలు గీతలు పెట్టారంటే ఏ క్లాసూ సరిపోదు, బిల్డ్ పచ్చగా వస్తుంది. మళ్లీ తప్పు నాటి చూడాల్సిందే.

☐ చుక్క ముందు పెట్టే వెనుక గీత గ్రేడిల్ ఫైలులో రెండుసార్లు రాయాలి, మావెన్ ఎక్స్ఎంఎల్‌లో ఒక్కసారి చాలు.

హెచ్చరికలతో ఒక అంచనా వేసుకోవాలనిపిస్తే ఒక్క రోజుకు -ఏవార్న్స్ పెట్టండి, దానితోపాటు ‘-ఎక్స్‌మ్యాక్స్‌వార్న్స్’ను 10000కు పెంచండి. కంపైలర్ మామూలుగా 100 హెచ్చరికలు చూపించి ఆపేస్తుంది. ఇది తెలియక మా బృందంలో ఒకతను సోమవారం 100 హెచ్చరికలు చూశాడు, గురువారం దాకా కూర్చుని ముప్పై సరిచేశాడు, మళ్లీ నడిపితే 100. పాపం, తన మార్పులు సేవ్ కాలేదేమోనని ఫైళ్లన్నీ తెరిచి చూసుకున్నాడు. దోషాలకూ ఇదే పరిమితి ఉంటుంది. దాని ఆప్షన్ ‘-ఎక్స్‌మ్యాక్స్‌ఎర్స్’.

ఏ ప్యాకేజీ ఎంచుకోవాలి? ఇతర ప్యాకేజీల మీద తక్కువ ఆధారపడేదాన్ని తీసుకోండి. మోడల్ క్లాసులు, యుటిలిటీలు మంచివి. వెబ్ కంట్రోలర్లతో మొదలుపెట్టకండి.

6. ఒక ఉదాహరణ దగ్గరగా

నగర బస్సుల సమాచారం ఇచ్చే చిన్న ప్రోగ్రాం అనుకోండి. ఒక మ్యాప్‌లో బస్సు సంఖ్య, దాని చివరి స్టాపు ఉన్నాయి. ‘127కె’కి ‘కొండాపూర్’.

స్ట్రింగ్ చివరిస్టాపు(స్ట్రింగ్ సంఖ్య) {
  స్ట్రింగ్ పేరు = స్టాపులు.గెట్(సంఖ్య);
  రిటర్న్ పేరు.ట్రిమ్();
}

చూడటానికి తప్పేమీ లేదు. కోఠిలో నిలబడ్డ ప్రయాణికుడు ఫోనులో చిన్న ‘కె’ టైపు చేస్తే మ్యాప్ నల్ ఇస్తుంది, ట్రిమ్ దగ్గర ప్రోగ్రాం పడిపోతుంది. చెకర్ సరిగ్గా ఆ ‘పేరు’ దగ్గరే వేలు పెడుతుంది. మ్యాప్‌లోని గెట్ నల్ ఇవ్వవచ్చన్న సంగతి దానికి ముందే తెలుసు.

‘పేరు’ అనే చరరాశికి మనం ఏ యానొటేషనూ రాయలేదని గమనించండి. మెథడ్ లోపలి చరరాశుల నల్ సంగతిని కోడ్ ప్రవాహాన్ని బట్టి చెకరే కనిపెడుతుంది. ఫీల్డులు, పారామీటర్లు, రిటర్న్ టైపులు మాత్రం ఏమీ రాయకపోతే ‘నల్ కాదు’ అని లెక్క. కాబట్టి మీరు రాయాల్సింది నల్లబుల్ ఒక్కటే. ‘నాన్‌నల్’ అని ఊరంతా రాసుకుంటూ పోకండి.

దీన్ని సరిచేయడానికి రెండు మంచి దారులున్నాయి. దొరక్కపోవడం మామూలే అనుకుంటే, రిటర్న్ టైపును ‘@నల్లబుల్ స్ట్రింగ్’ చేసి, నల్ అయితే నల్ తిరిగి ఇవ్వండి. అప్పుడు పిలిచే ప్రతిచోటా చెకర్ జవాబు అడుగుతుంది. దొరకకపోవడమే తప్పయితే, నల్ అని చూసి అక్కడే అర్థమయ్యే సందేశంతో ఎక్సెప్షన్ విసరండి. ఖాళీ స్ట్రింగ్ తిరిగి ఇచ్చి చెకర్ నోరు మూయించడం మూడో దారి. దాన్ని దారి అనను. ప్రయాణికుడికి పేరులేని స్టాపు కనిపిస్తుంది, లాగ్‌లో ఏమీ ఉండదు.

7. యానొటేషన్ ఎక్కడ పెట్టాలి?

టైపు యానొటేషన్ తన వెంటనే కుడివైపున ఉన్న టైపుకే వర్తిస్తుంది. ఇది ఒంటబట్టకపోతే అర్రేల దగ్గర తప్పదు తిప్పలు.

‘@నల్లబుల్ స్ట్రింగ్[]’ అంటే అర్రే ఉంటుంది, అందులోని స్ట్రింగులు నల్ కావచ్చు.
‘స్ట్రింగ్ @నల్లబుల్ []’ అంటే అర్రేయే నల్ కావచ్చు, లోపలివి కావు.

మనం చెప్పదలచుకునేది చాలాసార్లు రెండోది, రాసేది మొదటిది. క్లాసు లోపలి క్లాసుకు ‘మ్యాప్.@నల్లబుల్ ఎంట్రీ’ అని, చుక్క తర్వాత రాయాలి. మొత్తం పేరుకు ముందు రాస్తే కంపైలర్ ఒప్పుకోదు.

8. తరచూ వచ్చే దోషాలు, మందులు

‘ఇనిషియలైజేషన్.ఫీల్డ్స్.అన్‌ఇనిషియలైజ్డ్’: కన్‌స్ట్రక్టర్ ముగిసేసరికి ఏదో ఫీల్డుకు విలువ రాలేదు. వీలైతే ఆ విలువను కన్‌స్ట్రక్టర్ పారామీటరుగా తీసుకోండి. కుదరక తర్వాత వేరే మెథడ్‌లో నింపుతుంటే, ఆ ఫీల్డుకు ‘@మోనోటానిక్‌నాన్‌నల్’ పెట్టండి. ఒకసారి విలువ వచ్చాక మళ్లీ నల్ కాదని దాని అర్థం. నింపే మెథడ్‌కు ‘@ఎన్ష్యూర్స్‌నాన్‌నల్’ రాసి ఆ ఫీల్డు పేరు ఇవ్వాలి.

నల్ అని చూశాక కూడా దోషం: నా ఉత్తరాల పెట్టెలో ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే. ఒక ఫీల్డు నల్ కాదని ‘ఇఫ్’లో చూశారు, ఆ తర్వాత లాగ్ రాసే మెథడ్‌ను పిలిచారు, ఆపై ఫీల్డును వాడారు. చెకర్ ఒప్పుకోదు. మధ్యలో పిలిచిన మెథడ్ ఆ ఫీల్డును మార్చేసి ఉండవచ్చన్నది దాని వాదన. రెండు థ్రెడ్లు కలిసి నడిచే కోడ్ రాసినవారు ఈ అనుమానాన్ని తప్పుపట్టరు. మందు చిన్నదే: ఫీల్డును ముందు ఒక లోకల్ చరరాశిలోకి తీసుకుని, దాన్నే చూసి, దాన్నే వాడండి. విలువ లెక్కకట్టి ఇవ్వడం తప్ప మరేమీ చేయని మెథడ్‌కు ‘@ప్యూర్’ రాసినా సరిపోతుంది, కానీ అది నిజమైనప్పుడే రాయాలి.

‘కంటైన్స్‌కీ’ చూసి ‘గెట్’ చేయడం: వెంటవెంటనే ఉంటే చెకర్ అర్థం చేసుకుంటుంది. మధ్యలో వేరే మెథడ్ పిలుపు దూరితే పైన చెప్పిన కథే.

తయారైన కోడ్‌లో దోషాలు: మ్యాప్‌స్ట్రక్ట్ వంటివి రాసిన క్లాసులను మీరు సరిచేయలేరు. వాటి ప్యాకేజీని ‘-ఏస్కిప్‌డెఫ్స్’లో పెట్టండి. లాంబాక్ అయితే దాని కాన్ఫిగ్ ఫైలులో ‘యాడ్‌లాంబాక్‌జెనరేటెడ్‌యానొటేషన్’ను ట్రూ చేయండి.

9. బయటి లైబ్రరీలు

యానొటేషన్లు లేని లైబ్రరీ మెథడ్ నల్ ఇవ్వదని చెకర్ నమ్ముతుంది. బిల్డ్ పచ్చగా ఉండీ నల్ రావడానికి ఇది రెండో పెద్ద కారణం. అలాంటి మెథడ్‌ను పట్టుకున్నప్పుడు ‘ఏస్టబ్’ పొడిగింపుతో ఒక స్టబ్ ఫైలు రాయండి. అందులో ప్యాకేజీ పేరు, క్లాసు పేరు, మెథడ్ తొలి వరుస మాత్రమే, సరైన యానొటేషన్‌తో ఉంటాయి. మెథడ్ శరీరం అక్కర్లేదు. ‘-ఏస్టబ్స్’తో దాని దారి చూపించండి.

దారిని ప్రాజెక్టు మూలం నుంచి పూర్తిగా ఇవ్వండి. సగం దారి ఇస్తే ఒక్కో మాడ్యూల్‌లో ఒక్కో చోట వెతుకుతుంది. ‘-ఏస్టబ్‌వార్న్‌ఇఫ్‌నాట్‌ఫౌండ్’ కూడా పెడితే మెథడ్ పేరులో అక్షరం తప్పినా చెబుతుంది. లైబ్రరీ మొత్తానికి స్టబ్ రాయాలని కూర్చోకండి. మీరు వాడే నాలుగైదు మెథడ్లకు చాలు.

10. నోరు మూయించాల్సి వస్తే

మీరు చెప్పేది నిజమై, దాన్ని చెకర్‌కు అర్థమయ్యేలా రాయలేని సందర్భాలు కొన్ని ఉంటాయి. అప్పుడు ‘@సప్రెస్‌వార్నింగ్స్’ వాడవచ్చు.

☐ క్లాసు మీద పెట్టకండి, మెథడ్ మీద కూడా వద్దు. ఒక లోకల్ చరరాశి డిక్లరేషన్ మీద పెట్టండి.

☐ ఉత్త ‘నల్‌నెస్’ అని కాకుండా, కోలన్ పెట్టి దోషం పేరు కూడా రాయండి. అప్పుడు అదే చోట వచ్చే మరో రకం దోషం దాక్కోదు.

☐ పక్కనే ఎందుకో ఒక వాక్యం రాయండి. ‘చెకర్ గొడవ’ అన్నది కారణం కాదు.

11. బిగించడం

మొదటి ప్యాకేజీ శుభ్రమయ్యాక రెండోది -ఏఓన్లీడెఫ్స్‌లో చేర్చండి. ప్యాకేజీకి ఒక మార్పు, ఒక కోడ్ సమీక్ష. అన్నీ చేరాక ఆ ఆప్షన్‌నే తీసేయండి, అప్పుడు కొత్తగా పుట్టే ప్యాకేజీ కూడా దానంతటదే తనిఖీలోకి వస్తుంది.

కంపైల్ సమయం కచ్చితంగా పెరుగుతుంది. రోజువారీ పనిలో విసుగు పుట్టిస్తే స్కిప్ ప్రాపర్టీని కమాండ్ వరుసలో మాత్రమే ఇవ్వండి. సీఐలో ఎప్పుడూ ఇవ్వకండి.

ఆరు నెలలకోసారి ‘-ఏవార్న్‌అన్‌నీడెడ్‌సప్రెషన్స్’తో ఒక బిల్డ్ నడపండి. కోడ్ మారాక అవసరం తీరిపోయిన సప్రెస్‌వార్నింగ్స్‌ను చూపిస్తుంది. వాటిని తీసేయండి.

రీజెక్స్, ఫార్మాట్ స్ట్రింగ్, ఆప్షనల్ వంటి ఇతర చెకర్లను ఇదే ‘చెకర్స్’ జాబితాలో కామా పెట్టి చేర్చుకోవచ్చు. నల్ పని ముగిసేదాకా ఆగండి. చేర్చినప్పుడు మాత్రం జేడీకే మారినా, గ్రేడిల్ మారినా, ప్లగిన్ వెర్షన్ మారినా చేసినట్టే, ఆ చెకర్ పట్టుకోవాల్సిన తప్పు ఒకటి ముందు నాటి, బిల్డ్ ఎర్రగా ఆగిందని కళ్లారా చూసుకోండి.